గాజంత వంపా, సాసరంత వంపా?

మోండా మార్కెట్ వెనక సందులో ఇమాం వలి చాచా దుకాణం ఉంది. అక్కడ కోతమిషన్ బ్లేడ్ కొనడం కంటే పిల్లకు సంబంధం కుదుర్చుకోవడం తేలిక. డబ్బు చేతిలో పెట్టినా ఇవ్వడు. ఏ కట్టె, ఎంత మందం, ఎంత వంపు కోస్తారు, అన్నీ చెప్పుకోవాలి.

వంపు అంగుళాల్లో చెబితే వినడు. కౌంటర్ మీద ఒక గాజు, ఒక సాసరు, ఒక అన్నం పళ్లెం పెట్టుకుని కూర్చుంటాడు. గాజంత వంపైతే పావించి వెడల్పు బ్లేడ్, సాసరంతైతే అరించి, పళ్లెమంతైతే ముప్పావించి. అవన్నీ ఇంట్లోంచి మాయమైనవే. ఆయన భార్య షహర్ బానో టీ కప్పు అరచేతిలో పెట్టుకుని తెస్తుంది. "సాసరేది చాచీ?" అంటే, "గది దుకాన్ల నౌకరీ చేస్తున్నది," అంటుంది.

పోయిన నెలలో ఒక రోజు నా ఒళ్లు హూనమై ఉంది. సీతాఫల్‌మండిలో మా పక్కింటి మేబెల్ మర్నాడు పసిబిడ్డతో ఆస్పత్రి నుంచి ఇంటికి వస్తోంది. ఉయ్యాల తొట్టి నేనే చేసిస్తానని మాటిచ్చి, నిద్ర మానేసి పని చేస్తున్నాను. రోజ్‌వుడ్ పలకలకు వంపులు కోస్తుంటే బ్లేడ్ పటుక్కున తెగింది. మిగిలింది ఒక్క పలక. అదీ పాడైతే తొట్టి లేనట్టే.

"చాచా, అరించి బ్లేడ్ ఇయ్యి. జల్దీ!"

"ఎంత వంపు?"

"ఎంతైతేంది? ఇయ్యి చాచా!"

"గట్లెట్ల ఇస్తా పర్వతాలూ? గాజా, సాసరా?"

"గాజు!"

"మరి అరించి ఎందుకు? గంత చిన్న వంపుకు అది తిరగదు, మెలి పడి తెగుతది. పావించి కావాలె. ఏం కట్టె?"

"రోజ్‌వుడ్."

"గట్టి కట్టె. పెద్ద పళ్లు కావాలె. చిన్న పళ్లైతే పొట్టు ఇరికి కట్టె మాడుతది. కూసో. మందమెంత?"

ఇంతలో ఇంకో వడ్రంగి తిరుమల్ వచ్చి, "టేకు, సాసరు," అన్నాడు. చాచా ఇంకేమీ అడక్కుండా బ్లేడ్ తీసిచ్చి పంపించేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వాన్ని ఒక్క మాట అడగవ్! నన్నేమో పెళ్లిచూపుల్ల సుత గిన్ని అడగలే!"

"జెర టీ తాగు. మందమెంత?"

ఆ తర్వాత ఏమడిగాడో నాకు తెలియదు. గోడకు చేరగిలి నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి నా బ్లేడ్ కాగితంలో చుట్టి పక్కనే ఉంది. చాచీ నవ్వుతోంది.

"నువ్వు రోజ్‌వుడ్ అనంగనే తీసి పెట్టిండు. అప్పుడు నీ చేతులు వణుకుతుండె. గట్లనే మిషన్ కాడికి పోతే వేళ్లు పోతయని నిన్ను కూసోబెట్టిండు. అలిసినోళ్లు వస్తెనే గింతసేపు అడుగుడు."

చేతులు చూసుకున్నాను. వణుకు పోయింది. చాచా మాత్రం ఏమీ ఎరగనట్టు సాసరు తుడుచుకుంటున్నాడు. ఆ సాయంత్రం ఆఖరి పలక ఎక్కడా మాడకుండా వంపు తిరిగింది. మర్నాడు మేబెల్ బిడ్డ ఆ తొట్టిలోనే పడుకుంది.

పోయిన వారం కంటినిండా నిద్రపోయి మళ్లీ దుకాణానికి వెళ్లాను. "టేకు, పళ్లెం," అన్నాను. ఒక్క మాటా అడక్కుండా బ్లేడ్ చేతిలో పెట్టాడు. నిజం చెప్పొద్దూ, నాకు వెలితిగా అనిపించింది.

"టీ సుత లేదా చాచా?"

ఆయన నా చేతుల వంక ఒకసారి చూశాడు.

"మంచిగ నిద్రపోయినవ్ గద. నీకెందుకు టీ?"