నిమ్మకాయతో దిగేది కాదు

మా మేనకోడలు అక్షితకు నోరెక్కువ. అంతా నా పోలికే అంటారు ఇంట్లో. నేను ఒప్పుకోను. నేను అవసరమైతేనే అరుస్తాను, అదేమో న్యాయం కోసమని పొద్దస్తమానం అరుస్తుంది.

మొజంజాహీ మార్కెట్ దగ్గర మా అన్న, అంటే అక్షిత నాన్న, బాలకిషన్‌ది పండ్ల దుకాణం. నేనూ అక్కడే కూర్చుంటాను. నాంపల్లిలో డిగ్రీ చదివే అక్షిత కాలేజీ అయ్యాక వచ్చి తూకం వేస్తుంది. ఎండాకాలంలో ఒక సాయంత్రం దాని క్లాసు పిల్లవాడు శ్రావణ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మామా, నిమ్మకాయలియ్యి. ఎన్నుంటే అన్ని."

మత్తు ఏదైనా సరే, నిమ్మరసం పోస్తే దిగుతుందని మావాళ్ల నమ్మకం. తాతలనాటి వైద్యం. మా అన్న ఇంకో మాట అడగకుండా సంచి నింపసాగాడు. "మజ్జిగ గూడ తాపున్రి" అని నేనూ ఒక సలహా పారేశాను. అక్షిత మాత్రం శ్రావణ్ చొక్కా పట్టుకుంది.

"ఎవరు పడ్డరు?"

"హర్ష. మా హాస్టల్ రూముల. ఏవో గోలీలు మింగిండు. పిలిస్తే పలుకుతలేడు."

"పలుకనోని నోట్ల రసం పోస్తవా? ఊపిరాడక సస్తడు! దవాఖానకు నడువ్."

"తెలిస్తే కాలేజీ నుంచి తీసేస్తరు. రూములున్నోళ్లంత ఔటని రూలున్నది గదా."

"ఏం గాదు, నేనున్న. డాక్టర్‌కు ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఇద్దరూ హర్షను ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. మింగినవేమిటో శ్రావణ్ దాచకుండా చెప్పాడు కాబట్టి సరైన వైద్యం అందింది, పిల్లవాడు బతికాడు. వారం తిరగకముందే సంగతి బయటపడి, కాలేజీ హర్షనూ శ్రావణ్‌నూ ఇద్దరినీ తీసేసింది. శ్రావణ్ ఒక్క గోలీ ముట్టలేదు. రూములో ఉన్నాడు, అంతే.

శ్రావణ్ నాన్న వెంకటనర్సయ్య ఊళ్లో వ్యవసాయం వదిలి వచ్చి కాచిగూడలో ఒక లాడ్జికి కాపలా ఉంటున్నాడు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు శ్రావణే. అతన్ని తీసేసిన కబురు విని అక్షిత కంచం ముందు కూర్చుని ఏడ్చింది.

"ఏం గాదని నేనే చెప్పిన అత్తమ్మా. నా మాట నమ్మి మునిగిండు."

కొంగుతో దాని కళ్లు తుడిచాను. అయినా నోరు ఊరుకుంటుందా? "గంజాయిగాళ్ల వకాల్తా నీకెందుకే?" అని తిట్టాను.

మరుసటి ఆదివారం అక్షిత అబిడ్స్ ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల కుప్పల మధ్య చోటు చూసుకుని, మా దుకాణం నిమ్మకాయల గంప ముందు పెట్టుకుని కూర్చుంది. దాని స్నేహితురాలు శ్రీవిద్య పక్కన అట్ట పట్టుకుంది: 'ముందు దవాఖాన, తర్వాతే విచారణ.' వచ్చినవాళ్ల చేతిలో తలా ఒక కాయ పెట్టి, "దీంతోని పానం నిలువది సార్. దవాఖానకు తీస్కపోయినోన్ని శిక్షించొద్దు" అని చెప్పడమే పని. కొందరు దిష్టి తీయడానికని పట్టుకుపోయారు. ఒకాయన "ముఫత్‌ల దొరికింది, పులిహోరకైతది" అని జేబులో వేసుకున్నాడు. ఇంకొక పెద్దమనిషి మాత్రం మండిపడ్డాడు.

"మత్తుగాళ్లకు మద్దతా? సిగ్గులేదా?"

"మత్తుకు గాదు పెద్దనాయనా, మనిషికి."

ఆదివారాలు గడిచేకొద్దీ వేరే కాలేజీల పిల్లలూ వచ్చి చేరారు. "ఉద్యమమంట, అంత నా నిమ్మకాయల మీదనే" అని మా అన్న సణిగేవాడు. సణుగుతూనే మంచి కాయలు ఏరి గంపలో వేసేవాడు.

చివరికి ప్రిన్సిపాల్ ఇంద్రసేన గారు పిలిపించారు. పిల్ల ఒక్కతే ఎందుకని నేనూ వెంట వెళ్లాను. ఆయన చెడ్డవారు కాదు, భయస్థులు.

"రూల్ సడలిస్తే అందరు మొదలుపెడ్తరమ్మా" అన్నారు.

మా వెంటే వచ్చి అంతవరకూ తలుపు దగ్గర నిలబడ్డ హర్ష ముందుకు వచ్చాడు. చిక్కి సగమయ్యాడు పాపం.

"తప్పు నాది సార్. నన్ను ఉంచకున్నా సరే. గని నన్ను బతికిచ్చినోన్ని తీసేస్తే, రేపు ఇంకొకడు పడితే వాని దోస్తులు తలుపు పెట్టుకుంటరు. వాళ్ల జాగల ఉంటే నేను గూడ గదే చేస్తుంటి."

ఇంద్రసేన గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆ నెలలోనే కమిటీ కూర్చుంది. సాయం కోసం పిలిచినవాళ్లకు శిక్ష ఉండదని, పడిపోయినవాడికి ముందు వైద్యం, ఆ తర్వాత కౌన్సెలింగ్ అని రూలు మార్చారు. శ్రావణ్ పరీక్షలు రాశాడు. హర్షను వచ్చే ఏడాది మళ్లీ చేరమన్నారు. అక్షిత ఇప్పుడు మిగతా కాలేజీల మీద పడింది. ఆ తర్వాత చట్టాల సంగతి కూడా చూస్తుందట. చూడనీ!

మొన్న సాయంత్రం ఎవరో అమ్మాయి రొప్పుతూ దుకాణం ముందు ఆగింది. ఎన్నడూ చూడని ముఖం. మా అన్న చెయ్యి అలవాటుగా నిమ్మకాయల మీదికి పోయింది.

"గవి వద్దు మామా" అంది. "మా దోస్తు పడిపోయింది. జర ఆటో ఆపున్రి, దవాఖానకు పోవాలె."

అవసరమైతేనే అరుస్తానని చెప్పాను కదా. రోడ్డు మధ్యకు ఉరికి, మార్కెట్టంతా వినిపించేలా అరిచాను. ఆటో ఆగింది.