పిడికెడు బియ్యంతో కొల్లేటి తకియాకు

తురుష్కదేశంలో సంస్కర్తలు బెక్తాషీ దర్వేషుల మఠాలు మూయించారని ఒక కరపత్రంలో చదవగానే నా నెత్తురు ఉత్సాహంతో పొంగింది. మన కొల్లేటి లంకలోనూ అలాంటి ఫకీర్ల విడిది, తకియా, ఒకటి ఉంది కదా! చిన్నప్పుడు మామ్మ ఏటా నన్ను అక్కడికి తీసుకెళ్లేది. దాన్ని మూయించి పఠనాలయం పెట్టాలని అర్జీ రాశాను. తకియా చూసుకునే మస్తాన్ తాత వేలిముద్ర ఒక్కటే తక్కువ.

ఏలూరులో ఆరున్నర బస్సెక్కి ఎనిమిదింటికి సరస్సు గట్టున దిగాను. ఛార్జీ ఆరణాలు. అక్కణ్ణించి తాటిదోనెలో రెండు గంటలు, దానికో బేడ, అంటే రెండణాలు. తుంగ దుబ్బుల పచ్చివాసన తగలగానే, మామ్మ కొంగు పట్టుకుని కూర్చున్న రోజులు ముసురుకున్నాయి.

"బియ్యం తెచ్చారాండీ?" అన్నాడు దోనె నడిపే సుబ్బయ్య.

"నేను మొక్కులకు రావటంలేదు, ఉపన్యాసం ఇవ్వటానికి!" అని కసిరాను.

"మొక్కుక్కాదండీ, కూటికి. తమరు ఉపన్యాసం తింటారేంటండీ?" నవ్వాడు. "సర్లెండి, మీ పిడికెడూ నేనే పోస్తాను."

చిన్న పెంకుటిల్లు. లోపల ఎక్కణ్ణించో వచ్చిన తొలి ఫకీరు సమాధి, వెనక ఆయన వెలిగించిన, ఇప్పటికీ ఆరని పొయ్యి. వచ్చినవాళ్లంతా తలో పిడికెడు బియ్యం ఒకే గుండిగలో పోస్తారు, ఒకే బంతిలో తింటారు. మామ్మ బియ్యం పోసేది గాని, అర్చకుల ఇంటివాళ్లం కనక మా పులిహోర మూట దోనెలోనే విప్పేది.

అర్జీ గట్టిగా చదివాను. కులభేదాలు పోవాలంటే ఇలాంటి మూఢనమ్మకాలు పోవాలన్నాను. మస్తాన్ తాత చివరిదాకా విన్నాడు.

"పుస్తకాలు పెట్టుకోండి బాబూ, అరుగంతా మీదే. పొయ్యి మాత్రం ఆర్పకండి. ముందు భోంచెయ్యండి."

అటూ ఇటూ జాలర్లు. విస్తట్లో అన్నం, పప్పు. నా చెయ్యి కదల్లేదు! తాత నా పక్కన కూర్చుని గొంతు తగ్గించాడు.

"మీ మామ్మగారూ అంతేనండి, ఒక్క ముసురు రోజు తప్ప. మిమ్మల్ని ఒళ్లో నిద్రపుచ్చి, ఇక్కడే తిన్నారు. మా మనవడికి చెప్పకండన్నారు."

మామ్మ పోయి మూడేళ్లు. ఆ రహస్యం ఇన్నాళ్లూ ఈ బంతిలోనే దాగి ఉంది. ముద్ద కలిపాను. విస్తరి ఖాళీ చేశాను.

సమానత్వం మీద నేను చదివిన కరపత్రాలు ఒక పెట్టెడు. మామ్మకు అక్షరం రాదు. అయినా ఈ బంతిలో నాకంటే ముందు కూర్చుంది. అర్జీలో "మూయించి" అన్న మాట కొట్టేశాకే తాత ముందు పెట్టాను. వేలిముద్ర వేశాడు.

మీరు వెళ్తే, బంతి వేసే వేళకి, పన్నెండులోపు చేరండి. పిడికెడు బియ్యం తీసుకెళ్లండి. అన్నం మూట మాత్రం కట్టుకోకండి.