మా అమ్మ వండిన కొరియా తద్దినం

గచ్చిబౌలిలో యూనివర్సిటీలో చేరి కొరియా సంస్కృతి, సమాజం చదువుతానంటే ఖాజాగూడలో మా చుట్టాలంతా నోరెళ్లబెట్టారు. "కొరియా జదివి ఏం జేస్తవే? గీడ కంపెనీలు లేవా?" అంది మా మేనత్త. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. "కంపెనీలు యాడికీ పోవు అత్తా, నన్ను చదువుకోనియ్యి" అన్నాను.

ఆ చదువులో నాకు నచ్చిందల్లా ఒకే సంగతిని నలుగురు నాలుగు వైపుల నుంచి పట్టుకోవడం. కొరియా వాళ్ల తద్దినం సంగతే తీసుకోండి. భాష మేడమ్ తద్దినం బల్ల మీది ప్రతి గిన్నె పేరూ మా చేత పలికించేవారు. చరిత్ర సారు రాజుల కాలం నుంచి అందుకునేవారు. సాహిత్యం సారు కథల్లోని కన్నీళ్లు చూపించేవారు. సమాజశాస్త్రం మేడమ్ మాత్రం, "ఇంతకీ ఆ వంటంతా చేసిందెవరు?" అని అడిగేవారు.

నాకు తెలిసినంతలో చేసింది మా అమ్మ. కోకాపేటలో ఒక కొరియా కుటుంబానికి వంట చేస్తుంది. క్లాసులో మాత్రం "మా అమ్మకు కోకాపేటలో జాబ్" అని చెప్పేదాన్ని. వాళ్లు ఏదో కంపెనీ అనుకున్నారు. నేనూ అనుకోనిచ్చాను.

ఆఖరి సెమిస్టర్ పత్రానికి అమ్మ చెప్పిన సంగతే రాశాను. ఆ ఇంటి పెద్దాయన తద్దినం నాడు, ఆయనకు కారమంటే ప్రాణమని కోడలి నోట విని, అమ్మ ప్రతి కూరలో ఎల్లిగడ్డ దంచి వేసి కారం దండిగా దట్టించింది. మా పెత్రమాసకు పోయినవాళ్లకు ఏది ఇష్టమైతే అదే పెడతాం, కల్లు ఇష్టమైతే కల్లు కూడా. వాళ్లకేమో తద్దినం బల్ల మీద ఎల్లిగడ్డా, కారమూ రెండూ పనికిరావు. ఆయన భార్య, ముసలమ్మ, మూత తీసి చూసింది. సంగతి తెలుసుకుని కేకలు వేయలేదు, కళ్లు తుడుచుకుని అమ్మ పక్కన నిలబడి మళ్లీ పాలకూర ఉడికించిందట.

పత్రం తిరిగొచ్చింది. అందులో నేను "ఒక వంటామె చెప్పింది" అని రాశాను. వివరాలిచ్చినవారి పేరు దాచడం మా పద్ధతే కాబట్టి దొరకననుకున్నాను. సమాజశాస్త్రం మేడమ్ దగ్గర ఆ పప్పులేమీ ఉడకలేదు. ఇంత లోపలి సంగతులు పరాయివాళ్లకు ఎవరూ చెప్పరని ఆవిడ కనిపెట్టేశారు. "పేరు దాచు. ఆమె నీకేమవుతుందో దాచకు. అది చెప్పకపోతే పాస్ చెయ్యను" అన్నారు.

వారం రోజులు అన్నం సహించలేదు. చదువు పోతుందని భయం, చెబితే నలుగురిలో పరువు పోతుందని సిగ్గు. చివరికి అమ్మకే చెప్పాను. తిడుతుందనుకున్నాను. "వంటామె అనే గదా రాసినవ్. అబద్ధమైతే గాదు" అని నవ్వి బియ్యం కడగబోయింది. ఆ నవ్వు చూసి నాకు నా మీదే ఒళ్లు మండింది.

సెమినార్ రోజు అమ్మను వెంటబెట్టుకుని వెళ్లి వెనక బెంచీలో కూర్చోబెట్టాను. లేచి మొదటి వాక్యం చదివాను. "ఈ వంట చేసింది మా అమ్మ. నాకు కొరియా నేర్పిన ఐదో గురువు." తలలన్నీ వెనక్కి తిరిగాయి. నాకు సిగ్గేయలేదు, ఇంకా గట్టిగా చదివాను.

బల్ల మీద గిన్నెలు ఏ వరుసలో పెట్టారని చరిత్ర సారు అడిగారు. నేను పుస్తకంలోది చెప్పబోతుంటే ఆయన, "అమ్మా, మీరు చెప్పండి" అన్నారు.

"నోటితోని చెప్పరాదు సార్, పెట్టి చూపిస్త" అంటూ అమ్మ ముందుకొచ్చింది. సార్ల టీ కప్పులు, సాసర్లు, పెన్నుల డబ్బా అన్నీ దగ్గరికి లాక్కుంది. "గిది ముసలాయన ఫొటో. అన్నం ఆయన దిక్కు. పండ్లు మన దిక్కు. జర జరుగుండ్రి సార్."

చరిత్ర సారు జరిగారు. నలుగురూ కుర్చీల్లోంచి లేచి బల్ల చుట్టూ చేరారు. సమాజశాస్త్రం మేడమ్ నా చేతిలోని పెన్ను తీసుకుని, మా అమ్మ చెబుతుంటే రాసుకోవడం మొదలుపెట్టారు.