నాయన నటించిన పంటి నొప్పి

పళ్ళ డాక్టరు చేతిలో డ్రిల్లు ఉంటేనే ప్రమాదమని మీరనుకుంటారు. అది మీ అమాయకత్వం. డ్రిల్లు లేకుండా, ఎవరి నోట్లోనూ వేలు పెట్టకుండా, తిరుపతిలో మా ఇంటి పడకగదిలో బుద్ధిగా కుర్చీలో కూర్చుని నేను చేసిన ఘనకార్యం ముందు ఏ డ్రిల్లూ పనికిరాదు. చెబుతాను వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ మొహమాటపడటం లేదు.

కరోనా రోజులు. అప్పటికి నేను డెంటల్ కాలేజీలో కొత్తగా చేరిన లెక్చరర్ని. కాలేజీ మూతపడింది. పిల్లలు నేర్చుకునే రబ్బరు మూతి బొమ్మ తలకాయలన్నీ ల్యాబులో తాళం వెనక నోళ్ళు తెరుచుకుని కూర్చున్నాయి. ఫైనలియర్ పిల్లలకు పేషెంట్లు కావాలి, పేషెంట్లేమో ఇంట్లోంచి కదలరు. అందుకని మేమొక ఉపాయం కనిపెట్టాం. ఎవరో ఒకరు వీడియోలో పేషెంటుగా నటిస్తారు. పిల్లలు ఒక్కొక్కరుగా వచ్చి ప్రశ్నలు వేసి, ఏ పన్ను నొప్పో, ఎందుకో తేల్చాలి. దానికి మార్కులు.

ఆ నాటకానికి స్క్రిప్టు రాసే పని నాకు అప్పగించారు. అబ్బో, ఏం రాశాననుకున్నారు! ఎడమ పక్క కింది దవడలో పుచ్చిన పన్ను, చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడం, నొప్పి చెవి దాకా పాకడం. పేషెంటు ఎక్కడ మూలగాలో, ఎక్కడ నిట్టూర్చాలో కూడా బ్రాకెట్లలో రాశాను.

ఈ పరీక్ష ఎవరికి ఎలా ఉన్నా, నగరి నుంచి వచ్చే హేమలతకు మాత్రం చావో రేవో. వాళ్ళది మగ్గాల ఇల్లు. మొదటిసారి పరీక్ష పెట్టినప్పుడు కరెంటు మగ్గాల చప్పుడులో ఆ పిల్ల మాట ఒక్కటీ వినపడలేదు, తప్పింది. ఇది రెండో అవకాశం. ఇదీ తప్పితే స్నేహితులందరూ ముందుకు వెళ్ళిపోతారు, తను ఆరు నెలలు వెనకబడి, కింది బ్యాచ్‌తో కూర్చోవాలి. అందుకే ఈసారి మిద్దె మీద, గోనెసంచుల నీడలో, సెల్లు పట్టుకుని సిద్ధమైంది.

పేషెంటుగా ఒప్పుకున్న స్నేహితురాలు వారం ముందు, మా ఊళ్ళో సిగ్నలు లేదు నావల్ల కాదు అని చేతులెత్తేసింది. నేను తల పట్టుకుని కూర్చుంటే, నాయన తలుపు దగ్గర ప్రత్యక్షమయ్యాడు.

"నేను చేస్తా మా."

"నీకెందుకు నాయనా ఈ గోల?"

"పంటి నొప్పే కదా? ఊర్లో తిరునాళ్ళకు రాజు వేషం కట్టినోణ్ణి, పంటి నొప్పి కట్టలేనా?"

నాయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. చిత్తూరు బస్సులో వెనక సీటు మీద నిద్రపోయేవాణ్ణి ముందు మెట్టు మీంచి లేపగల గొంతు. సరే, కానీయ్ అన్నాను.

ఇక చూడండి రిహార్సళ్ళు! పొద్దున లేస్తే మూలుగు, పడుకుంటే మూలుగు. చల్లనీళ్ళు మానేశాడు. డబ్బాడు కరకరలాడే నిప్పట్లు ఒక్క పూటలో నమిలి పారేసే మనిషి, వాటిని టీలో నానబెట్టి చప్పరించడం మొదలుపెట్టాడు. అమ్మ నా దగ్గర మొర పెట్టుకుంది.

"ఏంది పాపా మీ నాయన, నిద్ర పోడు, నన్ను పోనీడు. సంగటి ముద్ద కూడా సగం ఇడిసిపెట్టేసినాడు."

"పాత్రలో లీనమైపోయాడమ్మా. గొప్ప నటులు అట్లాగే చేస్తారు."

మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. నేను పళ్ళ వైద్యంలో ఎం.డి.ఎస్. చదివాను కదా.

ఆయనతో ఉన్న చిక్కల్లా ఒకటే.

"నాయనా, ఏ పక్క నొప్పి?"

"కుడి..."

"ఎడమ!"

"ఆ, ఎడమే, ఎడమే. నువ్వు యాడ రాస్తే ఆడే నొప్పి."

పరీక్ష రోజు వచ్చింది. నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, హాల్లో సెల్లు ముందు కూర్చున్నాడు. నేను పక్క గదిలో ల్యాప్‌టాప్ ముందు. మధ్యలో ఒక గోడ. మా హెచ్.ఓ.డి. మేడమ్ కూడా చూస్తానని కాల్‌లోకి వచ్చారు. మొదటి పిల్లవాడు "నమస్తే, ఏం బాధ?" అన్నాడో లేదో, నాయన "అమ్మమ్మమ్మా!" అని ఒక్క మూలుగు మూలిగాడు. హెచ్.ఓ.డి. మేడమ్ నుంచి మెసేజ్: "ఎవరమ్మా ఈ పేషెంటు? నిజం పేషెంటు కూడా ఇంత బాగా చేయడు." మా నాన్నగారు మేడమ్ అని రాసి, పక్కన దండం బొమ్మ పెట్టాను. గర్వంతో కుర్చీలో పట్టలేదు నేను.

పిల్లలందరూ వరసగా వచ్చి, ఎడమ పక్క కింది పన్ను అని చెప్పి, మార్కులు పట్టుకుపోయారు. చివరగా హేమలత వచ్చింది. అడగాల్సినవన్నీ అడిగింది. నాయన చెప్పాల్సినవన్నీ చెప్పాడు. ఇక జవాబు చెప్పమంటే, ఆ పిల్ల చెప్పదే!

"మేడమ్, సార్ ఎడమ పక్క అంటాండారు గానీ, నొప్పి వచ్చినప్పుడల్లా చెయ్యి కుడి చెంప మీదకే పోతాండాది."

"అది కెమెరా, హేమలతా. అద్దంలాగా తిరగేసి చూపిస్తుంది. నాలుగేళ్ళుగా అద్దం పట్టుకుని పళ్ళు చూస్తున్నావు, ఆ మాత్రం తెలియదా?"

"అద్దమైతే జేబు కూడా తిరగబడాల కదా మేడమ్? చొక్కాకు జేబు ఎప్పుడూ ఎడమ పక్కే. సార్ చెయ్యి జేబు లేని పక్కకు పోతాండాది."

నాయన గబుక్కున చెయ్యి కిందికి దించేసి, జేబును తడుముకున్నాడు.

"టీ కూడా ఎడమ పక్కే పెట్టుకుని మింగుతాండారు," అంది హేమలత. "కుడి చెంప రవ్వంత ఉబ్బినట్టు ఉండాది. ఒక్కసారి నోరు తెరిచి, సెల్లు లైటు ఏసి చూపించమనండి మేడమ్."

నాయన రెండు పెదాలూ గట్టిగా బిగించి తల అడ్డంగా ఊపాడు.

"నోరు చూపించడం స్క్రిప్టులో లేదమ్మా," అన్నాను.

"నోరు చూడకుండా పన్ను యాడుండాదో ఎట్ల చెప్పేది మేడమ్?"

ఆ ప్రశ్న ఆ పిల్ల పొగరుగా అడగలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాకేమో హెచ్.ఓ.డి. చూస్తున్నారన్న కంగారు. "టైమైపోయింది, జవాబు చెప్పు" అన్నాను. ఆ పిల్ల తెర దగ్గరికి మొహం తెచ్చి నాయన చెంపను ఇంకోసారి చూసింది. తర్వాత మెల్లగా వచ్చింది జవాబు.

"కుడి పక్క, కింది దవడ మేడమ్."

స్క్రిప్టులో ఎడమ. కాబట్టి సున్నా. నా చేత్తోనే, అక్కడే, గుండ్రంగా వేశాను.

మధ్యాహ్నం నాయన నా గదిలోకి వచ్చి అటూ ఇటూ తచ్చాడాడు.

"ఆ నగరి పాపకు ఎంత ఏసినావు మా?"

"సున్నా."

"సున్నానా? ఆరు నెలలు ఎనకబడతాది అన్నావే! రవ్వంత ఏసుండచ్చు కదా?"

"తప్పు చెప్తే ఎలా వేస్తాను నాయనా?"

"తప్పేముండాది దాంట్లో..." అని, ఏదో మింగేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కాఫీ కలుపుతుంటే వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. తిరిగి చూసి గ్లాసు వదిలేశాను. కుడి చెంపలో బన్ను దాచుకున్న మనిషిలా ఉన్నాడు.

"ఆ పాపకు మార్కులు ఏసెయ్ మా," అన్నాడు, సగం మూతితో. "రాత్రంతా దాని మొగమే కనిపిస్తా ఉండాది. ఆ పాప చెప్పిందే నిజం."

"అంటే... నిన్న నువ్వు నటించలేదా?"

నాయన రోషంగా చూశాడు.

"ఎందుకు నటించలా? ఎడమ పక్క అన్నది నటనే కదా! దానికి ఎంత కష్టపడినానో నాకు తెలుసు."

కుర్చీలో కూలబడ్డాను. వారం రోజులు ఆ మూలుగులకు చప్పట్లు కొట్టింది నేనే. "మరి నాకెందుకు చెప్పలేదు నాయనా?" అన్నాను.

"టీవీలో చెప్పినారు మా, ఈ జబ్బు పళ్ళ డాక్టర్లకే ముందు అంటుకుంటాదని. నా నోరు చూడబోయి నీకేమన్నా అయితే? నాటకమంటే ఎంత మూలిగినా ఎవురూ అడగరని..."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అంతలో అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏడవబాక పాపా. ఈయప్పకు సూదంటే భయం. మా పెండ్లికి ముందు నించీ భయమే."

"రెండూ నిజమే లేవే," అన్నాడు నాయన, నేల చూపులు చూస్తూ.

ఏడుస్తూ నవ్వాను. అలా ఏడుస్తూనే హేమలతకు ఫోన్ చేశాను. కింద మగ్గాలు దడదడమంటున్నాయి. నీ జవాబే సరైనది, మార్కులన్నీ నీవే, తప్పు నాదే అని అరిచి చెప్పాను. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవాళ్ళు.

"సార్‌కు జ్వరముందా మేడమ్? నోరు పూర్తిగా తెరవగలుగుతాండారా?"

ఈ రెండు ప్రశ్నలూ డాక్టరుగా నేను వారం కిందట అడగాల్సినవి. సిగ్గేసింది, ఆ పిల్లంటే ముద్దూ వచ్చింది. హెచ్.ఓ.డి. మేడమ్‌కు అంతా చెప్పి మార్కులు మార్పించాను. ఆమె తల నుంచి కాలి దాకా కవచం తొడుక్కుని, అత్యవసర విభాగంలో నాయన వాపు తగ్గించారు. పన్ను మాత్రం తర్వాత పీకించుకోవాలన్నారు.

కాలేజీ తెరిచారు. నాయన పట్టు పట్టాడు. "తీస్తే ఆ నగరి పాపే తీయాల. నువ్వు పక్కన నిలబడుకో." హేమలత పరీక్ష గట్టెక్కి పేషెంట్లను చూసే దశకు వచ్చేసింది కాబట్టి, నియమం ప్రకారం లెక్చరర్ పక్కనుంటే తీయవచ్చు. ఆ లెక్చరర్ని నేనే. నాయన నోట్లో ఉమ్మి పీల్చే గొట్టం పట్టుకుని నిలబడ్డాను. హేమలత ముందు నోరంతా లైటు వేసి చూసింది, తర్వాతే సూది తీసింది. నాయన నా వేళ్ళు నలిపేశాడు గానీ, ఒక్క మూలుగు మూలగలేదు. అసలైన నటన అదన్నమాట.

మందు ఎక్కి మూతి సగం మొద్దుబారాక, ఆయన మెల్లగా కన్ను తెరిచాడు.

"ఏమ్మా, నిజం చెప్పు. మా పాపకు నువ్వైతే ఎన్ని మార్కులు ఏస్తావు?"

హేమలత నా వంక చూసింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. చాలా సీరియస్‌గా ఆలోచించింది.

"మేడమ్‌కు ఇంకొక్క అవకాశం ఇద్దాం సార్."

ఆ గొట్టం చేతబట్టుకునే, ఆ కుర్చీ సాక్షిగా ప్రమాణం చేశాను. పేషెంటు ఉత్తుత్తివాడైనా, నొప్పి నేనే రాసిందైనా, మనిషి నా కన్నతండ్రే అయినా, నోరు తెరిపించి చూడకుండా ఇకమీద ఎవరికీ సున్నా వేయను. ఈ మాట తప్పిన రోజున ఆ కుర్చీలో నేను నోరు తెరుచుకుని పడుకుంటాను. సూది నాయన చేతికిస్తాను.