మంచులో పోసిన లాల

ఉయ్యూరులో మా వీధిన ఇవాళ మీసాలు దువ్వుకుంటూ బైకుల మీద తిరిగే కుర్రాళ్లలో సగం మంది మా అమ్మ మాణిక్యం కాళ్ల మీద పడుకుని లాల పోయించుకున్నవాళ్లే. ఎవరింట్లో పురుడొచ్చినా కబురు ఆవిడకే వచ్చేది. నూనె రాసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్లు పోసి, తలుపులన్నీ బిగించి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పట్టేది. స్నానం చేసిన బిడ్డకు గాలి తగలకూడదన్నది ఆవిడ శాసనం. తర్వాత బిడ్డ ఎంత మొద్దునిద్ర పోతే అంత బాగా పోసినట్టు లెక్క. “చూడు, ఎట్టా పడున్నాడో” అని తల్లికి చూపించి మురిసిపోయేది. ఆవిడకున్న గర్వమంతా అదే. విజయవాడలో కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పే నాకు, ఆవిడ లెక్కలో బిడ్డను సరిగ్గా ఎత్తుకోవడం కూడా రాదు.

మా ఆయన చక్రి హిమాచల్ కొండల్లో సొరంగాల పనిలో ఉన్నాడు. కాన్పు సెలవు పొడిగించుకుని నేను అక్కడికి వెళితే, కిరీటిని చూసుకోవడానికి అమ్మ కూడా వచ్చింది. కిందటి శీతాకాలం నా సెలవు అయిపోయి, ఏడాదిన్నర పిల్లాడితో మేమిద్దరం ఇంటికి బయల్దేరాం. సిమ్లా ఇంకా దూరం ఉండగానే మంచు కురిసి బస్సు ఆగిపోయింది. దారి తెరిచేదాకా రోడ్డు పక్క లాడ్జిలో ఉండమన్నాడు కండక్టరు.

కిరీటికి ముక్కు కారుతోంది, ఒకటే పేచీ. “తల మీద నాలుగు చెంబులు పోసి పొగేస్తే తేరుకుంటాడు” అంది అమ్మ. ఈ చలిలోనా అన్నాను. “నిన్ను పెంచిందాన్ని, నాకు తెలీదా?” అంది. ఇక ఆ మాట మీద వాదన ఉండదు. లాడ్జి ఆవిడ వేడినీళ్లు, బొగ్గుల కుంపటి తెచ్చిచ్చి, కిటికీ సగం తెరిచే ఉంచమని హిందీలో గట్టిగా చెప్పింది. ఆ మాటే అమ్మకు తెలుగులో చెప్పాను. “సరేలే” అంది.

బస్సు సంగతి కనుక్కుందామని కిందికి వెళ్లి, తిరిగొచ్చేసరికి తలుపు గడియ వేసి ఉంది. ఎంత కొట్టినా అమ్మ పలకదు. చివరికి తీసింది. గదంతా సాంబ్రాణి పొగ. కిటికీ మూసి ఉంది, తలుపు కింద సందులో దుప్పటి కుక్కి ఉంది. అమ్మ గోడకు జారగిలబడి, “అరవమాకే, పడుకున్నాడు. చూడు ఎట్టా పడున్నాడో” అంది ముద్దముద్దగా. ఆ వెంటనే, “పామర్రు దాటామా?” అని, మా ఊరి బస్సులో ఉన్నట్టు అడిగింది.

కిరీటిని ఎత్తితే తల వాలిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. లాల పోశాక వీడెప్పుడూ ఇలాగే పడుకుంటాడు కదా. నిద్రేనా? పిలిస్తే పలకడేం? అంతలో లాడ్జి ఆవిడ వచ్చి వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుని, బయట కురుస్తున్న మంచులోకి పరుగెత్తింది. చలికి చంపేస్తోందనుకున్నాను. వెంటపడి ఆవిడ జుట్టు పట్టుకున్నాను. ఆవిడ నన్ను ఒక్క తోపు తోసి, వాడి వీపు రుద్దుతూనే ఉంది. వాడు భళ్లున కక్కుకుని, ఏడ్చాడు. ఆ ఏడుపు విని, నా శాలువా తీసి వాడికి చుట్టాను.

బొగ్గుల గాలి విషమైందని, ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దరూ దక్కేవాళ్లు కాదని ఆ ఊరి డాక్టరు చెప్పాడు. అమ్మకు మాత్రం ఏదీ తలకెక్కలేదు. విజయవాడ రైల్లో దారి పొడుగునా అవే ప్రశ్నలు. “అదే సాంబ్రాణి గదే? అవే చేతులు గదా? మంచులోకి తీసుకుపోతే గాలి తగల్లేదా వాడికి?” మన పెంకుటింట్లో తలుపులేసినా పైన సందులుంటాయని, అక్కడ లేవని చెప్పాను. బుర్ర ఊపేది. కాసేపటికి మళ్లీ, “మరి ఇన్నాళ్లూ పిల్లలు పోయింది నిద్రేనంటావా?” అనేది. నిద్రేనమ్మా అనేదాన్ని. అలా అంటున్నా నాకూ ఎక్కడో గుబులుగానే ఉండేది.

ఇంటికి చేరిన వారానికి వెనకవీధి అమలమ్మ వచ్చింది. కూతురు ప్రసవించిందట. “రేపు పొద్దున్నే వచ్చి లాల పొయ్యాలి వదినా” అంది.

అమ్మ నావైపు తిరిగి, “నువ్వు చెప్పు సింధూరీ. రేపు కిరీటికి నన్ను పొయ్యనిస్తావా?” అని అడిగింది.

“అదేంటమ్మా, నువ్వు కాక ఎవరు పోస్తారు?” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అంటూనే, ఆవిడ పక్కన ఆడుకుంటున్న వాణ్ణి ఎత్తి చంకనేసుకున్నాను.

అమ్మ నా చేతులవంక చూసింది. తర్వాత అమలమ్మతో, “వేరే ఎవరినన్నా చూసుకోమ్మా” అంది.