కుంభానికి ముందే మోగిన పాట

మైక్‌సెట్ మామ పోయినాడని ఆయన చిన్నల్లుడు పొద్దున ఏడు గంటలకు ఫోన్ చేసి చెప్పినాడు. లేచి, మొగం కడుక్కోని, మంచం మీద కూచోని టీ అడిగినాడంట. టీ వచ్చేలోపల ఒరిగిపోయినాడంట. నేను వెంటనే తెలిసినోళ్ళకు చెప్పడం మొదలుపెట్టినా. ఎనిమిది మందికి ఫోన్ చేస్తే ఒక్కడూ నమ్మలేదు. ముగ్గురు తిట్టినారు. టీకొట్టాయన అయితే, "పొద్దున్నే మనిషిని సంపుతాండావు, నీ నోట్లో మన్ను పడ" అని పెట్టేసినాడు. వాళ్ళ తప్పు లేదు. ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా నేను చెప్పిన మాటల్లో సగం పచ్చి అబద్ధాలు, మిగతా సగానికి ఉప్పూకారం ఎక్కువ. చివరికి మామ కూతురు స్వయంగా మాట్లాడితే గానీ జనం కదల్లేదు.

కర్నూలు వన్‌టౌన్‌లో ఆయన అంగడి, నా అంగడి పక్కపక్కనే. ఆయనది మైక్‌సెట్లు బాడుగకిచ్చే అంగడి. ఇనప హారన్లు ఉమ్మెత్తపూల మాదిరి చూరుకు వేలాడుతుండేవి. నాది సెల్‌ఫోన్ రీచార్జీలు, పాటలు ఎక్కించే అంగడి. ఎనిమిదో తరగతిని రెండుసార్లు చదివి వదిలేసినవాణ్ణి, నాకు అంతకంటే మంచి అంగడి ఎవడిస్తాడు. ఆయన నాకు చుట్టం కాదు. వీధంతా మామ అనేది, నేనూ అన్నా. నన్ను మాత్రం ఆయన అల్లుడా అని పిలిచేవాడు. కూతుళ్ళిద్దరికీ అప్పటికే పెండ్లిళ్ళయిపోయినాయి కాబట్టి ఆ ధైర్యం చేసినాడు.

ఈ నాలుగు ముక్కలు రాసేదానికి కారణం ఒకటుంది. ఓర్వకల్లు పక్కన ఒక పల్లెలో అమ్మవారి జాతరకు ముప్పై ఏళ్ళు మామదే మైక్‌సెట్. ఆ ఊర్లో ఆయన బాడుగ తీసుకునేవాడు కాదు. అరచెక్క టెంకాయ, ఒక టువాలు, అంతే. రెండేళ్ళ కింద ఆ ఊరు ఆయన్ను ఇంక రావద్దనింది. అది నా వల్ల. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నిజం చెప్పాల్సిన పని ఒకటి మిగిలిపోయింది, చెప్పేవాడు చూస్తే నేను. అదీ ఇబ్బంది.

ముందు ఆయన పనితనం చెప్తా. కొత్త స్పీకరు వస్తే దాన్ని పడుకోబెట్టి, దాని మీద కాగితం పరిచి పిడికెడు జొన్నలు పోసేవాడు. పాట పెట్టి, గింజలు ఎట్ల ఎగురుతున్నాయో చూసేవాడు. అన్నీ ఒక ఎత్తున లేస్తే మంచిది. ఒక మూలకు జరిగితే దాన్ని వెనక్కి పంపేవాడు. ఊర్లలో సెట్టు కట్టినాక మొదటి పాట పెట్టి, యంత్రానికి వీపు తిప్పి నడిచిపోయేవాడు. చేన్లు దాటి, చివరి గట్టు మీద నిలబడి, కండ్లు మూసుకోని వినేవాడు. మాట అక్కడికి స్పష్టంగా రావాల. తిరిగొచ్చి కొంచెం తగ్గించేవాడు. ఎప్పుడూ తగ్గించడమే. "పెంచేది ఎవుడైనా పెంచుతాడు అల్లుడా, తగ్గించేటోడే మైక్‌సెట్టోడు" అనేవాడు. ఆ మొదటి పాట అయ్యేదాకా నోట్లో నీళ్ళు కూడా పోసుకునేవాడు కాదు.

ఇప్పుడు నా ఘనకార్యం. నా కడప దోస్తు ఒకడు కువైట్‌లో కారు తోలుతాడు. వాడుండే ఇంట్లో వంటాయన ఇండోనేషియా మనిషి. వంటింట్లో ఉల్లిగడ్డలు తరుగుతూ ఆయన వినే పాటలు ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంట, గిటార్లు, డ్రమ్ములు చెవులు పగిలేటట్టు వాయిస్తూ అరిచే పాటలు. వాళ్ళ దేశంలో అది పెద్ద ఎత్తున ఉందంట. వాళ్ళ ఊరి బ్యాండొకటి స్టూడియోలో కూచోని చేసిన కొత్త ఆల్బం, మొత్తం తొమ్మిది పాటలు, ఆయన మా వాడికిచ్చినాడు. మా వాడు సెలవులో వచ్చినప్పుడు నాకు పెన్‌డ్రైవ్‌లో తెచ్చినాడు. అట్ట బొమ్మలో కాలిపోయిన అడవి, వెనక పొగ కక్కే కొండ, పైన చెట్టు వేర్లు చిక్కుపడినట్టు అక్షరాలు. పాడేవాడి గొంతు మనిషి గొంతు కాదు. లోతు బావిలో ఇనప గొలుసు ఈడ్చినట్టుంటుంది. డ్రమ్ములు వింటే గుండె తన లెక్క మర్చిపోతుంది. నేను వినంగానే అనుకున్నా, దీన్ని ఎక్కడో ఒకచోట వాడాలని.

జాతరకు భక్తిపాటలు మామ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేది ప్రతి యేడూ నేనే. మొదటిది గణపతి పాట అట్లే ఉంచినా. రెండోది, మూడోది మెటల్ పెట్టినా. నా లెక్క చిన్నది. పాట మోగుతాది, మామ ఎగిరిపడి ఆపుతాడు, జనం నవ్వుతారు, నన్ను రెండు తిడతాడు. చూసేదానికని నేనూ పోయినా.

నేను మర్చిపోయింది ఒకటే. మొదటి పాట పెట్టినాక ఆయన చేన్లలోకి నడిచిపోతాడు.

ఆ ఊరి పద్ధతి మీకు తెలియదు కాబట్టి చెప్పాల. గుడి ముందర అన్నం రాశి పోస్తారు, దాన్ని కుంభం అంటారు. కుంభం పోసి, డప్పులు మూడు సుట్లు తిరిగినాక ఒక అవ్వకు పూనకం వస్తుంది. ఆమె అమ్మవారై వాక్కు చెప్తుంది. వానెట్ల, పంటెట్ల, జ్వరాలు వస్తాయా రావా, ఊరంతా చేతులు కట్టుకోని అడుగుతుంది. ఆ ఒక్క మాట కోసమే సంవత్సరమంతా ఎదురుచూస్తారు.

గణపతి పాట అయిపోయింది. రెండోది మొదలైంది. మొదట కంచు గిన్నెల మీద కొట్టినట్టు మెల్లగా గంటలు. పూజారి కూడా బాగుందన్నట్టు తల ఊపినాడు. తర్వాత డ్రమ్ములు పడినాయి. మేకపోతులు పలుపులు తెంపుకున్నాయి. వంట కాడ ఆడోళ్ళు గంటెలు వదిలేసినారు. కుంభానికి ఇంకా బియ్యం ఎసట్లో ఉండగానే అవ్వకు పూనకం వచ్చేసింది. తల విరబోసుకోని ఊగుతోంది, అడిగేవాళ్ళు సిద్ధంగా లేరు, హారతి లేదు, పసుపునీళ్ళు లేవు. నేను యంత్రం పక్కనే ఉండా. మొదట నవ్వు ఆగలేదు, తర్వాత చెయ్యి ఆడలేదు. ఆపాల్సిన బటన్ నాకు జానెడు దూరంలో ఉంది. మామ పంచె ఎగ్గట్టి చేన్ల కడ నుంచి పరిగెత్తుకోని వచ్చేసరికి ఒకటిన్నర పాట అయింది. ఆపినాడు. అవ్వ కూలబడింది. ఇంక ఆ పొద్దు ఆమెకు పూనకం రాలేదు. ఆ యేడు ఊరికి వాక్కు లేకుండా పోయింది.

ఊరి పెద్దలు పిలిచి అడిగితే మామ, నా చేతి తప్పే, పెన్‌డ్రైవ్ మారిపోయింది అన్నాడని తర్వాత విన్నా. అప్పటికే నేను ఓర్వకల్లు బస్సెక్కినా. ఆ యేడు వాన రాలేదు. అక్కడ వాన రాకపోయేదానికి పాట అవసరం లేదు, అయినా నింద పాట మీద పడింది. మరుసటి జాతరకు వేరే సెట్టు పిలిచినారు. జాతర పొద్దు మామ అంగడి తీయలేదు. నాకు కారణం తెలుసు. పక్క అంగట్లో కూచోని రీచార్జీలు చేసుకున్నా.

ఒక మధ్యాహ్నం మామ పిలిచినాడు. షట్టరు సగం దించి, జాతర పొద్దుటి పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టినాడు.

"ఆ పొద్దు ఒకటిన్నరే అయింది. మిగతావి యాడుండాయి?"

ఎప్పుడు తెలిసింది మామా అన్నా.

"గట్టు మీద నిలబడినప్పుడే తెలిసె. ఇట్లాంటి ఎదవ పని మన వీధిలో ఇంగెవురికి వస్తాదప్పా? మిగతావి తే. నువ్వు గూడా కూచోని యిను. అదే నీకు శిక్ష."

తొమ్మిది పాటలూ విన్నాం. మామ స్పీకరు పడుకోబెట్టి జొన్నలు పోసినాడు. నాకు మూడో పాటకే తలనొప్పి. ఆయన గింజలనే చూస్తున్నాడు. ఆ తొందరలోనూ అన్నీ ఒకే ఎత్తున లేస్తున్నాయి. డ్రమ్ము కొట్టేవాడు దెబ్బ కూడా తప్పలేదన్నాడు. గొంతు సంగతి నేను వెటకారం చేస్తే కోప్పడినాడు. ఆయన నాయన బేతంచెర్ల పక్క నాపరాయి గనుల్లో పని చేసినాడు.

"కోపం కాదప్పా అది. పెద్ద బండ లేపేటప్పుడు మా నాయనోళ్ళు ఇట్లనే గొంతు తీసేటోళ్ళు. ఈ పిల్లోడు ఏమో మోస్తాండాడు. ఏం మోస్తాండాడో మనకు తెలీదు, అంతే."

అప్పుడే నేను, ఊర్లోకి పోయి నా తప్పని చెప్పేస్తా మామా అన్నా. ఆయన తల అడ్డంగా ఊపినాడు. నేను బతికుండంగ వద్దు, నన్ను అబద్ధమాడినోణ్ణి చేయొద్దు అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగకపోవడం నాకు సులువుగా కూడా ఉండింది.

ఆ తర్వాత ఆయన కొత్త స్పీకర్లన్నీ ఆ ఆల్బంతోనే పరీక్ష చేసేవాడు. వీధంతా నన్ను తిట్టేది. కువైట్ దోస్తు ఫోన్ చేసినప్పుడు, ఇండోనేషియాలో ఆ ఆల్బం గురించి రెండు రకాల మాటలున్నాయని చెప్పినాడు. కొందరు నెత్తిన పెట్టుకున్నారంట, కొందరు పాత ఆల్బం అంత మోటుగా లేదు, మెత్తబడినారు అని రాసినారంట. మామకు రోషం వచ్చింది. మెత్తనా, వాళ్ళను ఓర్వకల్లుకు రమ్మను, మేకలను అడిగిస్తా అన్నాడు. నా ఫోన్ తీసుకోని వంటాయనకు మాట రికార్డు చేసి పంపినాడు. డ్రమ్ములు బాగుండాయి, ఐదో పాటలో మాత్రం పెద్ద డ్రమ్ము ముందుకొచ్చి గొంతును తినేస్తాంది, కొంచెం తగ్గించాల్సింది అని. దోస్తు దాన్ని వచ్చీరాని అరబ్బీలో వంటాయనకు చెప్పినాడు, ఆయన దాన్ని బ్యాండు పేజీలో రాసినాడు. నెల తర్వాత జవాబొచ్చింది. ఐదో పాటకు గొంతునూ డ్రమ్ములనూ వేరే స్టూడియోలో కలిపినారంట, ఆ పెద్దాయన చెప్పింది నిజమే, ఆయనకు మా నమస్కారం అని.

నేను పరిగెత్తి చెప్పినా. మామ కడుపు పట్టుకోని నవ్వినాడు. "శానా బాగ కట్టినావు అల్లుడా. వేరే స్టూడియో అన్నావే, ఆ ముక్క బాగుండాది." ఒట్టు పెట్టినా. ఫోన్ చూపించినా. ఫోన్లో ఏమైనా చేయగలవు నువ్వు అన్నాడు. పోనీలే, ఇంకోసారి దోస్తు చేతనే చెప్పిస్తా అనుకున్నా. వాడు సెలవులో వచ్చేదానికి వారం ముందే మామ పోయినాడు.

పదకొండో పొద్దు అయినాక ఆ పల్లెకు పోయినా. గుడి కట్ట మీద పెద్దాయన ఒకాయన, ఇంకో నలుగురు ఉన్నారు. అంతా చెప్పేసినా. పాట నేనే ఎక్కించినా, నవ్వుతూ నిలబడినా, బస్సెక్కి పారిపోయినా, ఒక్కటీ దాచలేదు. పెద్దాయన ఓపికగా విన్నాడు.

"సచ్చినాయన మీద మాట ఉండకూడదని నువ్వు నెత్తికెత్తుకుంటాండావు. మంచిదేనప్పా. గానీ ఆయన అమ్మవారి కర్పూరం ముట్టుకోని చెప్పినాడు, తప్పు నాదేనని."

కర్పూరం సంగతి నాకు అప్పుడు తెలిసింది. నాలాంటోని కోసం ఆయన అమ్మవారి ముందర అబద్ధమాడినాడు. నేను ఇంకా గట్టిగా వాదిస్తే ఆయన ప్రమాణం తప్పవుతుంది. వాదించకపోతే ఆయన మీద నింద ఉండిపోతుంది. ఆ ఊర్లో ఇంక ఆ మాట ఎత్తను. మీ ముందు మాత్రం ఎత్తుతున్నా. నమ్మితే నమ్మండి.

అవ్వ అక్కడే చీపురు పట్టుకోని గుడి ముందర ఊడుస్తోంది. మా మాటలన్నీ విన్నట్టుంది.

"ఆయన సెట్టు ఎవురి దగ్గర ఉండాది?"

ఆయన పెండ్లాం దగ్గర ఉంది అవ్వా అన్నా.

"ఈ యేడు నువ్వు తెచ్చి పెట్టు." పెద్దాయన ఏమో అనబోతే ఆమె అటు చూడను కూడా చూడలేదు. "పూనకం నాకొచ్చె, మీకు కాదు. నాకు లేని నొప్పి మీకేమి?"

సెట్టు యాడ పెట్టాల అవ్వా అన్నా. ఆమె చీపురుతో వేపచెట్టు పక్కకు చూపించింది. అక్కడ నాలుగు నాపరాళ్ళు చదరంగా పరిచి ఉన్నాయి. పెట్టెలకు చెమ్మ తగలకుండా మామ ఎప్పుడో వేసుకున్నవంట. రెండేళ్ళుగా కొత్త సెట్టువాడు వేరే చోట కట్టుకున్నాడు, వీటిని ఎవరూ పీకలేదు. నడిచీ నడిచీ రాళ్ళ చుట్టూ దారి పడింది, రాళ్ళ మీద ఎవరి అడుగూ లేదు. అవ్వ పోయి వంగి, ఒక్కో రాయి మీది దుమ్మును చెంగుతో తుడిచింది.