బీడు దారిన రెండు బండ్లు

పత్తికొండలో ఓబుళేశు షెడ్డుకు మూడు రోజులు తాళం పడుతుందంటే ఎదురుగా ఉన్న టీకొట్టువాడు నమ్మలేదు. తండ్రి పోయినప్పుడు కూడా రెండు రోజులకే తెరిచిన మనిషి ఓబుళేశు.

ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఆ షెడ్డులో మోటారు సైకిళ్ళు బాగు చేస్తున్నాడు. వారంలో ఆరు రోజులు షెడ్డు, ఏడో రోజు ఊర్లు. ఆదివారం తెల్లవారగానే పనిముట్ల సంచి పాత బండికి కట్టుకుని చుట్టూ ఉన్న కొట్టాలు, ఆ చిన్న చిన్న ఊర్లన్నీ తిరిగేవాడు. బండ్లతో పాటు మందు కొట్టే పంపులూ, కుట్టు మిషన్లూ, ఏది చేతికిస్తే అది విప్పి బిగించేవాడు. మార్చిన పాత సామానును యజమాని చేతిలో పెట్టకుండా ఆ ఇంటి గడప దిగేవాడు కాదు. బాగున్నదాన్ని పోయిందని చెప్పేవాడు కాదు. ఆ కొట్టాల్లో ఆయనకు ఆస్తి అని ఏదైనా ఉంటే ఆ నమ్మకం ఒక్కటే.

మే నెల మొదటి వారంలో కర్నూలు నుంచి గోపీనాథ్ వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరూ కర్నూలులో ఖాజా ఉస్తాద్ షెడ్డులో పని నేర్చుకున్నారు. పాత టైర్ల మీద పక్కపక్కన పడుకుని, సొంత బండ్లు వచ్చిన రోజున రోడ్డు ఎక్కకుండా కమలాపురం దాకా పోదామని అనుకున్నారు. కమలాపురం ఎందుకంటే గోపీనాథ్ మేనమామ ఊరు అది. ఆ తర్వాత గోపీనాథ్ షెడ్డు వదిలేసి కాంట్రాక్టులు పట్టుకున్నాడు. కార్లు వచ్చాయి. పదకొండేళ్ళుగా ఓబుళేశుకు ఒక్క ఫోను కూడా లేదు.

ఇప్పుడు ఎత్తైన కొత్త బండి మీద, ఒళ్ళంతా దట్టమైన కోటు తొడుక్కుని వచ్చి దిగాడు. హైదరాబాదు వాళ్ళతో కలిసి రాజస్థాన్ ఎడారిలో తిరిగి వచ్చానని చెప్పాడు. మన బీళ్ళు ఆ ఎడారికి ఏం తక్కువ, అప్పుడనుకున్నాం కదా, మూడు రోజులు, బాటలు నీకే తెలుసు, ముందు నువ్వు పో, వెనక నేను వస్తా అన్నాడు. ఈ ఎండల్లో బీళ్ళల్లో తిరగడానికి ఏం పుట్టిందని ఓబుళేశు భార్య నాగలత అడిగింది. ఆయన పనిముట్ల సంచి సర్దుకున్నాడు. పదకొండేళ్ళ తర్వాత స్నేహితుడు గుర్తు పెట్టుకుని వచ్చాడు, అంతే.

మొదటి రోజు ఎనిమిది గంటలకే నేల కాలడం మొదలుపెట్టింది. దున్ని వదిలేసిన ఎర్రనేలలో చక్రాలు జానెడు లోతు దుమ్ములో దిగబడ్డాయి. దుమ్ము దాటితే గులకరాళ్ళు. రాళ్ళు దాటితే సర్కారు తుమ్మ ముళ్ళు. పదకొండు గంటల్లోపు ఓబుళేశు రెండుసార్లు ట్యూబు అతికాడు. గోపీనాథ్ సాయం పట్టలేదు. మెరక కనపడిన ప్రతిచోటా బండి ఆపి, ఫోను పైకెత్తి నాలుగు దిక్కులా ఫోటోలు తీసుకున్నాడు. ఓబుళేశు నీళ్ళు తాగమంటే, నీ డొక్కు బండి దుమ్మే సరిపోతాంది, నీళ్ళెందుకు అని నవ్వాడు. ఆ నవ్వులో చిన్నప్పటిది ఏమీ లేదని ఓబుళేశుకు అప్పుడే తోచింది. ఎండకు అలా అనిపిస్తోందిలే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి గుండ్లకొట్టాల చేరారు. నలభై ఇళ్ళ ఊరు. కొత్త బండిని చూసి కుక్కలు మీదికి వచ్చాయి. అరుగుల మీద ఉన్న మగవాళ్ళు లేచి నిలబడ్డారు. అంతకుముందు నెలలో కార్లో ఎవరో వచ్చి పొలాలు కొలుచుకుంటుంటే తరిమామని, ముందున్నది ఓబుళేశు కాబట్టి ఊరుకున్నామని వాళ్ళే చెప్పారు.

సుంకులమ్మ ఇంటి ముందు ఆగారు. అరవై దాటిన మనిషి. భర్త దేవేంద్రప్ప పోయి నాలుగేళ్ళయింది. ఊరి తూర్పున సర్కారు పట్టా ఇచ్చిన మూడెకరాల నలభై సెంట్లలో ఆముదాలు, వేరుశనగ వేసుకుని ఒంటరిగా బతుకుతోంది. ఓబుళేశుకు మజ్జిగ చెంబు ఇచ్చి, వెనకనున్న మనిషిని ఎగాదిగా చూసింది.

"ఈయప్ప ఎవురు ఓబుళేసూ?"

"మనోడే అత్తా," అన్నాడు ఆయన, చెంబు దించకుండానే.

ఆ కొట్టాల్లో ఒక కొత్త మనిషిని చూపి ఎవరైనా ఆ మాట అన్నారంటే, ఆ వచ్చినవాడు చేసే మంచికీ చెడ్డకీ అన్నవాడే జవాబు చెప్పుకోవాలి. గొర్రెలు కొనడానికి వచ్చినా, పిల్లను అడగడానికి వచ్చినా అదే లెక్క. ఆ సంగతి ఓబుళేశుకు తెలియంది కాదు. ఎండన పడి వచ్చిన అలసటలో ఆ మాట అలవాటుగా నోట్లోంచి జారింది.

సుంకులమ్మ రెండో చెంబు తెచ్చి గోపీనాథ్‌కు ఇచ్చింది. ఆయన కూర్చుని ఆమె కష్టసుఖాలు అడిగాడు. ఆన్‌లైన్‌లో పొలం ఇంకా చచ్చిపోయిన మనిషి పేరుమీదే ఉందని, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి కాళ్ళు అరిగాయని ఆమె చెప్పుకుంది. అది తనకు వదిలేయమని, ఆ ఆఫీసులో తెలిసినవాళ్ళు ఉన్నారని ఆయన భరోసా ఇచ్చాడు. ఆమె పొలం పాసుబుక్కు తెచ్చింది. ఆయన ఫోటో తీసుకున్నాడు. అర్జీ తర్వాత రాయించుకుంటానని చెప్పి, సంచిలోంచి తెల్ల కాగితాలూ వేలిముద్రల ఇంకు డబ్బీ తీశాడు.

ఓబుళేశు అప్పటికే ఆమె మందు కొట్టే పంపు విప్పి ముందేసుకున్నాడు. లోపలి వాషరు ఎండి బీటలు వారింది. పనిముట్టు చేతిలో ఉన్నంతసేపూ ఆయనకు లోకం పట్టదు. కాగితాల మాట చెవిన పడింది. తల మాత్రం ఎత్తలేదు.

రెండో రోజు డోన్ దాటి బేతంచెర్ల వైపు దిగారు. అటువైపు నాపరాయి తవ్వి వదిలేసిన గనులు. ముక్కలైన రాయి గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. కింది నుంచి ఒక ఎండ, పై నుంచి ఒక ఎండ. చెట్టు లేదు, మనిషి లేడు. పదిన్నర ప్రాంతంలో నీళ్ళు ఎండిన ఒక వంక దాటుతుండగా గోపీనాథ్ బండి ఇసుకలో కూరుకుపోయి పక్కకు పడింది. క్లచ్ లివర్ విరిగింది. నీళ్ళ సీసా నలిగి, నీళ్ళన్నీ ఇసుక తాగేసింది. ఫోను దూరంగా ఎగిరిపడింది.

ఓబుళేశు ఇద్దరి బలం తానే పెట్టి బండి లేపాడు. విరిగిన లివర్ విప్పి కింద పెట్టాడు. తర్వాత పోయి ఫోను తీశాడు. అద్దం పగల్లేదు, వెలుగుతూనే ఉంది. తెర మీద మ్యాపు, అందులో తమ దారి పొడవునా ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో పొలాల ముక్కలు. ఒక ఆకుపచ్చ ముక్క మీద తెలుగులో రాసి ఉంది: సుంకులమ్మ, మూడెకరాల నలభై, వేలిముద్రలు అయినాయి. దాని కింద: మన మనిషి, మెకానిక్ ఓబుళేశు.

ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు.

"ఏందిరా ఇది?"

గోపీనాథ్ కోటు దులుపుకుంటున్నాడు. చూసినందుకు కంగారు పడలేదు.

"సోలార్ కంపెనీ పని. ఆడ ఎనిమిది వందల ఎకరాలు కావాల. ఆ ముసలామె చేను నడిమధ్యన అడ్డం ఉండాది. కార్లో పోతే రాళ్ళు ఎత్తుకుంటాండారు. నీ ఎనక బండి మీద పోతే మజ్జిగ ఇస్తాండారు."

"నాకు చెప్పింటే నేను వచ్చేటోన్ని కాదు."

"అందుకే చెప్పలే."

ఓబుళేశు ఇసుకలోకి చూశాడు. ఏ ఊరు పోయినా తనను ముందు పొమ్మన్నది ఎందుకో అప్పుడు అర్థమయింది. నిన్నటి నుంచి ఇద్దరూ ఐదు ఊర్లు తిరిగారు. వేలిముద్రలు పడింది మాత్రం ఒక్క ఇంట్లోనే. మిగతా నాలుగు ఊర్లకు గోపీనాథ్ తర్వాత ఒంటరిగా వస్తాడు, మొన్న ఓబుళేశుతో వచ్చినోన్ని అని చెప్పుకుంటాడు.

"ఆ కాగితాలు ఇయ్యి. ఇచ్చినాకనే లివర్ ఎక్కిస్తా."

గోపీనాథ్ నవ్వాడు. విప్పిన బండిని బిగించకుండా చేతులు కడగకూడదనేది ఖాజా ఉస్తాద్ షెడ్డులో మొదటి పాఠం. తప్పినవాడికి ఆ పూట అన్నం ఉండేది కాదు.

"నువ్వు యాడికి పోతావులే. విప్పింది నువ్వే గదా," అన్నాడు.

ఓబుళేశు తన బండి నీడలో, ఉన్న అడుగు నీడలో కూర్చున్నాడు. నీళ్ళ క్యాను తన దగ్గరే ఉంది. మూత తీసి తాగాడు, మళ్ళీ బిగించాడు. ఇవ్వనని అనలేదు, తీసుకొమ్మనీ అనలేదు. గోపీనాథ్ ఫోను పట్టుకుని రాళ్ళ గుట్ట ఎక్కి దిగాడు. సిగ్నలు దొరకలేదు. కోటు విప్పేశాడు. కాసేపటికి ఓబుళేశును తల్లి పేరెత్తి తిట్టాడు. చదువు రాని ముండాకొడుకువని, గ్రీసు నాకి బతికేవాడివని, పాతికేళ్ళ కిందటే నిన్ను వదిలేసి మంచిపని చేశానని అన్నాడు. కంపెనీ ఎట్లాగూ వస్తుంది, ఆమెకు కౌలన్నా దొరుకుతుంది, నువ్వు ఆమెకు ఏం ఇస్తావు అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నే ఓబుళేశుకు తగిలింది. అయినా లేవలేదు.

గంట గడిచింది. గోపీనాథ్ పెదాలు తెల్లగా పొక్కాయి. బండి మీది సంచి తెరిచి, మడిచిన కాగితాలు రెండు తీసి ఓబుళేశు ఒళ్ళో పడేశాడు. రెండింటి అడుగునా నల్లని వేలిముద్రలు. పైన ఖాళీ.

ఓబుళేశు వాటిని చొక్కా లోపల పెట్టుకున్నాడు. క్యాను స్నేహితుడి ముందు పెట్టాడు. తర్వాత తన పనిముట్ల సంచిలోంచి ఇంకో లివర్ తీసి ఎక్కించి, తీగ లాగి, రెండుసార్లు నొక్కి చూసి బిగించాడు. గోపీనాథ్ సంచి తెరిచి వెతకాలని గాని, ఫోనులో ఫోటో తీసేయించాలని గాని ఆయనకు తట్టలేదు. బండి పని సరిగ్గా ముగిసింది. ఇక ఆ మనిషితో పని లేదనుకున్నాడు. తన బండి వెనక్కి తిప్పుకున్నాడు.

రోడ్డున పోతే చుట్టు. వచ్చిన బీడు దారినే తిరిగి పట్టాడు. వడగాలి ఎదురు కొట్టింది. కళ్ళలో దుమ్ము పడి రెండు చోట్ల దారి తప్పాడు. ఒకచోట గొర్రెల దొడ్డి కుక్క పిక్క పట్టుకుంది. పంట్లాం చిరిగింది, రక్తం వచ్చింది. ఆగితే బండి మళ్ళీ స్టార్టు అవుతుందో లేదోనని ఆగకుండా పోయాడు. నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ఆమె చేతిలో ఆ కాగితాలు పెట్టి, ఆమె కళ్ళ ముందు చించేస్తే సరిపోతుంది. దారి పొడవునా ఆ ఒక్కటే అనుకున్నాడు.

గుండ్లకొట్టాల చేరేసరికి నాలుగు దాటింది. సుంకులమ్మ ఇంటి ముందు ఆముదాలు ఎత్తుతోంది. ఆయన జరిగింది జరిగినట్టు చెప్పాడు. వచ్చినవాడు ఎవడో, ఆ తెల్ల కాగితాల మీద ఏం రాసుకోవచ్చో, తాను ఎట్లా తీసుకొచ్చాడో, ఏదీ దాచలేదు. చుట్టుపక్కల వాళ్ళు పదిమంది మూగారు. నీళ్ళు ఎవరూ ఇవ్వలేదు. ఆయన అడగలేదు.

ఆమె కాగితాలు తీసుకుని ముద్రలు తడిమి చూసింది. తర్వాత చెయ్యి మళ్ళీ చాపింది.

"ఇంగొగటి యాడ?"

"రెండే గదా అత్తా ఇచ్చినాడు."

"మూడిట్లో ఏసినా నేను. నా యేలు నాకు తెల్దా?"

ఓబుళేశు చొక్కా లోపల మళ్ళీ తడిమి చూసుకున్నాడు. మూడు కాదు రెండే అని చెప్పడానికి ఆయన చూసి ఉంటే కదా. ఆమె వేలు అద్దుతున్నప్పుడు ఆయన వాషరు మారుస్తున్నాడు. మూడోది గోపీనాథ్ సంచిలోనే ఉందని, గంటసేపు ఎండలో కూర్చుని తాను సాధించింది ఇదని అప్పుడు తెలిసింది.

గుంపులోంచి రంగస్వామి అనే రైతు, వాటాల కాడ తేడా వచ్చినట్టుండాది ఇద్దరికీ, అన్నాడు. కొందరు నవ్వారు. అదే నిజమని అక్కడున్నవాళ్ళకు అనిపించిందని ఓబుళేశుకు వాళ్ళ ముఖాల్లో కనపడింది. బ్రోకర్లు పోట్లాడుకుంటేనే కదా ఒకడు వచ్చి ఇంకొకడి సంగతి చెప్పేది. తాను అటువైపు నిలబడి ఉంటే తానూ అట్లాగే అనుకునేవాడు.

"రేపు పది గంటలకు ఆఫీసు కాడికి రా అత్తా," అన్నాడు. "వాన్ని తెచ్చింది నేనే అని, తెల్ల కాగితాల మీద ముద్రలు ఏయించుకున్నాడని నా పేరుతో రాసిస్తా. ఆ మూడోది యాడ బయటపడినా చెల్లకుండా ఇప్పుడే చెప్పిపెట్టాల."

"నిన్న మనోడే అంటివి. ఈ పొద్దు రాసిస్తానంటాండావు. రేపు ఏమంటావో నాకేం తెలుసు?"

ఆమె గొంతు పెంచలేదు. బండి వైపు చూపించింది.

"అది ఈడ పెట్టి పో. రాసిచ్చినాక తోలుకపో."

జామీనుగా బండిని ఆపడం ఆ ఊర్లలో కొత్త కాదు. ఎద్దుల్ని కట్టేసుకునే కాలం నుంచీ ఉన్నదే. దొంగ సరుకు అమ్మినవాడి బండిని, మాట తప్పిన బ్రోకరు బండిని అట్లా కట్టేశారు. ఆ వరసలో తన బండి చేరుతుందని ఓబుళేశు ఏనాడూ అనుకోలేదు. తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు. పనిముట్ల సంచి విప్పుకోబోతే రంగస్వామి అడ్డం నిలబడ్డాడు.

"దాన్ని గూడా ఉండనియ్యి."

ఓబుళేశు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కుక్క కరిచిన కాలు బరువెక్కింది. బస్సు వచ్చే రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు. ఆ ఊర్లో ఆయన విప్పి బిగించని బండి ఒక్కటీ లేదు. ఎక్కించుకుంటానని ఎవరూ అనలేదు. ఆయన కుంటుకుంటూ నడిచాడు.

మరునాడు షెడ్డు తెరవలేదు. తొమ్మిదిన్నరకే ఆఫీసు మెట్ల దగ్గరికి పోయాడు. సుంకులమ్మ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. పక్కన రంగస్వామి ఉన్నాడు. అర్జీ రాసే మనిషిని వాళ్ళే మాట్లాడి పెట్టుకున్నారు. ఓబుళేశు పోయి ఆ మనిషి ముందు గొంతుక్కూర్చుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.